పెట్టె రాని వారం

ఆత్మకూరులో ఏఎన్ఎంగా చేసి రిటైరైన రాహేలమ్మ, ఆదివారం ప్రార్థన కాగానే ఉదయగిరి బస్సెక్కింది. చేతిసంచిలో బత్తాయిలూ, కోడలు అంజలి ఫోనూ ఉన్నాయి. ఆ ఫోనులో, నిన్నంతా కూర్చుని కోడలు వెతికిపెట్టిన పాత ఇంగ్లీషు సినిమా ఉంది.

అది వారానికో భాగం వచ్చే గుర్రాల సినిమా. రాహేలమ్మకు పదకొండేళ్ళప్పుడు ఉదయగిరి డేరా హాల్లో మ్యాట్నీకి ఆడింది. మొత్తం పన్నెండు భాగాలు. చౌకగా చుట్టేసిన సరుకు. ఒకే కొండమీంచి ఒకే బండి మూడుసార్లు పడేది. పాత ముక్కనే మళ్ళీ అతికించేవాళ్ళు. ఊళ్ళో ఎవరికీ ఇంగ్లీషు రాదు. ఆపరేటర్ మాలకొండయ్య మైకు పట్టుకుని తెలుగులో కథ చెబుతుంటే, బండి మూడోసారి పడినా జనం ఊపిరి బిగపట్టేవాళ్ళు.

పన్నెండో వారం మద్రాసు నుంచి రీళ్ళ పెట్టె రాలేదు. జనం బల్లలు విరగ్గొట్టబోయారు. అప్పుడు మాలకొండయ్య ఖాళీ తెర ముందుకొచ్చి, ఆఖరి భాగమంతా నోటితోనే చెప్పాడు. హీరోకి తూటా తగిలింది. పదకొండు భాగాలూ స్తంభానికి కట్టేసి ఉండి ఏడ్చిన పిల్ల తనే కట్లు కొరికి తెంచుకుంది. గుర్రమెక్కి, పొంగిన ఏరు దాటి, డాక్టర్ను తెచ్చి అతణ్ణి బతికించింది.

ఆ సాయంత్రమే రాహేలమ్మ, చెరువులో చేపలు పట్టే వాళ్ళ నాయనతో, "నేను నర్సు చదువుతా" అంది. ఆయన నవ్వాడు. ఆమె పట్టు వదల్లేదు.

మాలకొండయ్య ఇల్లు అడగ్గానే చూపించారు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, వసారాలో కూర్చుని చెక్క స్పూన్లకు గరుకు కాగితం రుద్దుతున్నాడు. ఆమె తానెవరో చెప్పుకుంది.

"మీ సినిమా ఆఖరి భాగం దొరికినాదన్నా."

ఇద్దరూ కలిసి చూశారు. చివరిదాకా ఆ పిల్లని కట్టేసే ఉంచారు. హీరో వచ్చి కట్లు విప్పాడు. ఆమె నవ్వింది. అయిపోయింది.

"ఇదేందన్నా! ఆ పిల్ల గుర్రమే ఎక్కలేదే! ఏరూ లేదు, డాక్టరూ లేడు!"

"నాకేం తెల్సమ్మా, నేనూ ఇప్పుడేగా చూసింది? పదకొండు వారాలు ఆ పిల్లని కట్టేసే పెట్టినారు. చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చినాది. పెట్టె రాలేదు కదా, అడిగేవాడెవడని నేనే విప్పేసినా."

రాహేలమ్మ పకపకా నవ్వింది. నవ్వుతుండగానే కళ్ళు నిండాయి.

"మర్రిపాడు పల్లెలన్నీ సైకిలు మీద తిరిగినానన్నా. ఒకసారి వాగు పొంగింది, అవతల కాన్పు మనిషి. నడుముల్లోతు నీళ్ళు. ఆ పిల్ల దాటలేదా అనుకుని దిగినా. ఆ పిల్లే లేదంట!"

మాలకొండయ్య చేతిలో స్పూను పక్కన పెట్టాడు.

"ఇష్టమొచ్చినట్టు చెప్తావా అని ఆ రోజు ఓనరు నన్ను తిట్టినాడు. ఇన్నేళ్ళూ నేనేదో తప్పు చేసినాననే అనుకున్నానమ్మా."

"నా బతుకు నువ్వు పెట్టిందేనన్నా." ఆమె ఆయన రెండు చేతులూ పట్టుకుంది. అంతదాకా మీరని పిలిచిన సంగతి ఆమెకు గుర్తే లేదు.

ఆయన లోపలికి కేకేశాడు. "చెంచులక్ష్మీ, ఇట్రా! ఈ అమ్మ చెప్పేది విను!"

భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. రాహేలమ్మ మొదట్నుంచీ చెప్పాల్సి వచ్చింది. మూడు గంటల ఆత్మకూరు బస్సు హారన్ కొట్టి వెళ్ళిపోయింది. ఎవరూ లేవలేదు.

"ఆ వాగు కాడ పుట్టిన బిడ్డ బాగుండాడా?" అంది చెంచులక్ష్మి.

"ఉండాడు వదినా. బద్వేలుకు లారీ తోల్తాడు."