గడియల్లేని ఇల్లు

లారీల షెడ్డు దగ్గర కాపలా కాసే మనిషిని అందరూ కెప్టెన్ అంటారు. సైన్యంలో ఆయన చేసింది మామూలు సిపాయి ఉద్యోగమే. వెక్కిరింతకి పెట్టిన పేరు అలా అతుక్కుపోయింది. ఉద్యోగం మాని ఇంటికొచ్చిన వారంలోనే స్క్రూడ్రైవర్ పట్టుకుని ప్రతి తలుపు గడియా ఊడబీకాడు. షెడ్డులో పనికి కుదిరాక కాపలా గది గడియ కూడా పీకబోతే యజమాని తిట్టి ఆపాడు.

"బాత్రూమ్‌కి కూడా గడియ లేని కొంప మనదొక్కటే! ఎవరూ తోసుకుని రాకుండా స్నానం చేసినంతసేపూ పాటలు పాడలేక చస్తున్నాను," అని భార్య దెప్పేది.

"నీ పాట వింటే దొంగలు కూడా ఇటు రారులే," అనేవాడు. ఎందుకు పీకాడో మాత్రం చెప్పలేదు.

చెప్పడానికి నోరెలా వస్తుంది? శాంతి కాపాడమని పంపిన పరాయి దేశంలో శిబిరం గేటుకి గడియ పెట్టింది ఆయనే. బయట ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన జనం, వాళ్ల వెనక కత్తులవాళ్లు. "గేటు తియ్యొద్దు. మన మీదకి వస్తేనే తుపాకీ ఎత్తాలి," అన్నాడు అధికారి. కత్తులవాళ్లు సిపాయిల జోలికే రాలేదు. కమ్మీలు పట్టుకుని "తలుపు తియ్యి నాయనా" అన్నట్టు ఏదో భాషలో ఏడ్చిన ఒక తల్లి చేతుల మీద కత్తి పడింది. వేళ్లు గేటు లోపల రాలాయి, మనిషి బయట పడింది. నెత్తురు పారి ఆయన బూట్లు తడిశాయి. భుజాన గుళ్లు నింపిన తుపాకీతో ఊరికే నిలబడ్డాడు. ఇంటికొచ్చాక సిగ్గులేకుండా పతకం కూడా ఇచ్చారు.

ఒకరోజు మధ్యాహ్నం షెడ్డు ముందు రోడ్డు మీద కేకలు వినిపించాయి. తల పగిలిన లారీ డ్రైవరొకడు షెడ్డు వైపు పరిగెత్తుకొస్తున్నాడు. వెనక ఇద్దరు ఇనప రాడ్లతో తరుముతున్నారు. వాళ్ల కారుకి లారీ గీసుకుందట, అంతే.

"గేటు వెయ్యవయ్యా! ఊళ్లో గొడవలన్నీ మనకెందుకు!" యజమాని అరిచాడు.

కెప్టెన్ గేటు బార్లా తీశాడు. డ్రైవర్ లోపలికొచ్చి పడ్డాడు. గేటుకి అడ్డంగా నిలబడ్డ కెప్టెన్ ఎడమ భుజం మీద మొదటి దెబ్బ పడింది. ఎముక విరిగిన చప్పుడు ఆయనకే వినిపించింది. నొప్పికన్నా ముందు సంతోషం పొంగుకొచ్చింది.

"వచ్చారు! నా మీదకే వచ్చారు!" అని అరిచాడు.

కుడిచేత్తో కొట్టినవాడి రాడ్డు లాక్కుని వాడి మోకాలు విరగ్గొట్టాడు. అది చూసి రెండోవాడు కాళ్లకి బుద్ధి చెప్పాడు. కిందపడ్డవాడు చేతులు జోడించాడు. ఆ చేతుల మీదే కొట్టాడు. దవడ మీద కొట్టాడు, పళ్లు రాలాయి. అప్పుడు కొట్టలేకపోయిన దెబ్బలన్నీ ఈ ఒక్కడి మీదే పడ్డాయి. వాడు మూలగడం మానేసినా ఆయన ఆగలేదు.

"చాలన్నా! చచ్చిపోతాడన్నా, వదిలెయ్!" డ్రైవర్ వెనక నుంచి చెయ్యి పట్టుకున్నాడు.

కెప్టెన్ రాడ్డు ఎత్తి అతని మీదకి తిరిగాడు.

డ్రైవర్ ఒక్క ఉదుటున కాపలా గదిలో దూరి గడియ పెట్టుకున్నాడు.

ఆ చప్పుడుకి కెప్టెన్ చేతిలోంచి రాడ్డు జారిపోయింది. నెత్తుటి చేత్తో తలుపు తట్టాడు. "భయపడకు, నేనే! నీకు గేటు తీసింది నేనే!"

లోపల ఏడుపు ఇంకా పెద్దదైంది.

పోలీసులు వచ్చేసరికి ఆయన తలుపుకి తల ఆనించి, "తలుపు తియ్యి నాయనా," అని బతిమాలుతూనే ఉన్నాడు.