ఏడో ఇంటి వేడి

ముప్పై నాలుగు, ముప్పై నాలుగు, ముప్పై అయిదు, ఏడో ఇంటికొచ్చేసరికి ఒక్కసారిగా నలభై డిగ్రీలు, అక్కణ్ణుంచి పన్నెండు దాకా అంతా నలభయ్యే, అదెలా కుదురుతుంది, అదే ఇటుక, అదే కప్పు, అరవై ఏళ్ల కిందట ఒకే ముఠా మేస్త్రీలు ఒకే వరసలో కట్టిన పన్నెండు క్వార్టర్లు, ఆరుకీ ఏడుకీ మధ్య ఉన్నది తొమ్మిదంగుళాల గోడ, గోడకి అటు నీడా ఇటు నిప్పూ ఉంటాయా ఎక్కడైనా, సుపేలా బజార్లో ఆటో ఎక్కిన దగ్గర్నుంచీ కనకలత బుర్రలో ఈ అంకెలే తిరుగుతున్నాయి, ఒళ్లో రిపోర్టు, చివరి పేజీలో ఆర్కిటెక్టుగా తన సంతకం, నాలుగింటికి మీటింగు, ఆ కాగితం బల్లమీద పడిందంటే ఈ ఇళ్లు మనుషులు ఉండడానికి పనికిరావని తేలిపోతుంది, వానలకి ముందే బుల్‌డోజరు, ఆ చోట పద్నాలుగంతస్తుల టవరు, టైమ్ రెండు ముప్పావు, ఫోన్లో పై ఆఫీసరు రాజేంద్ర సర్, ఎక్కడున్నావ్, ఒక్క అంకె సరిచూసుకుని వస్తాను సర్, ఇంకా అంకెలేమిటి, గోడల నిండా కన్నాలని నువ్వే రాశావు కదా, రాసింది తనే, ఫోటోలతో సహా, ఉమ్మడి గోడల్లో కప్పుకి జానెడు కింద, అడుగు వెడల్పున, పదకొండు గోడలకి పదకొండు కన్నాలు, కట్టడానికి తీవ్ర నష్టం.

ఏడో నంబరు తలుపు తీసే ఉంది, బయట నలభై నాలుగు, లోపల చెమట వాసన, మంచం మీద అప్పయమ్మ కొడుకు సుభాష్, రాత్రంతా ఉక్కు ప్లాంటులో డ్యూటీ చేసొచ్చి నిద్ర పట్టక దొర్లుతున్నాడు, డెబ్భై దాటిన అప్పయమ్మ విసనకర్రతో వాడి పక్కనే, మళ్లీ వచ్చీసినావేటమ్మీ, మొన్న కొలిసింది సాల్లేదా, ఆప్‌కే ఘర్ మే హీ ఇత్నీ గర్మీ అని నోటికొచ్చిన హిందీని కనకలత మధ్యలోనే మింగి తెలుగులోకి తిప్పుకుంది, మీ ఇల్లే ఎందుకింత వేడి అమ్మమ్మా, ముసలామె గడ్డం పైకెత్తి గోడవైపు చూపించింది, దాన్నడుగు, నన్నడుగుతావేటి, కన్నంలో నీలం గుడ్డ కుక్కి ఉంది, ఆ గుడ్డ ఫోటోలోనూ ఉంది, తను చూసింది కూడా, చెత్త అనుకుంది, అటుపక్క ఆరో ఇంటి దుర్గాదేవి పని అది, అంతా నీ వల్లే అంది అప్పయమ్మ, మొదటి రోజు ఆరిళ్లు కొలిసి, టవరొస్తాది లిఫ్టుంటాది అని సెప్పెల్లినావా, నానెల్తాను అంది దుర్గ, నానెల్నన్నాను, ఆ పూటే గుడ్డ కుక్కీసింది, ఈ లైన్లో అలిగితే అంతే, మాటా బంద్, గాలీ బంద్.

గాలా, ఏ గాలి, అడిగింది కనకలత, ఏ గాలేటి, మొదటింటి పడమటి కిటికీకి వట్టివేళ్ల తడక లేదా, వారానికొకిల్లు వంతు, నీళ్లు కొట్టాల, ఆ సల్లగాలి కన్నాలమ్మట దూరి పన్నెండో ఇంట్లోంచి బైటికి పోద్ది, మా మావోళ్లు తవ్వినారు, నైట్ షిఫ్టు సేసొచ్చినోడు పగలు తొంగోవాల కదేటి, అప్పుడు కూలర్లెక్కడివి, మాయత్త ఏడ్సింది, కాపురం గుట్టు కన్నంలోంచి పోతాదని, పోనాది కూడా, పక్కింట్లో ఎండుమిరప్పళ్లు ఏగితే మాకు తుమ్ములు, మొగుడూపెళ్లాలు దెబ్బలాడుకోవాలంటే సివిక్ సెంటర్ బజారుకి ఎల్లాల, కనకలతకి నవ్వొచ్చింది, వెంటనే ఆగిపోయింది, మొదటి రోజు ఆరిళ్లూ కొలిచింది గుడ్డ కుక్కకముందు, రెండో రోజు ఆరిళ్లూ కొలిచింది కుక్కాక, అంటే తను కొలిచింది ఇళ్లని కాదు, తను పెట్టిన తగువుని.

స్టూలెక్కింది, కన్నానికి నోరుపెట్టింది, దుర్గమ్మా, ఒక్కసారి గుడ్డ తీయండి, నాకు అరగంటే ఉంది, అటునుంచి గొంతు, ఆ ముసల్దాన్ని అడగమను, అప్పుడు తీస్తాను, అప్పయమ్మ విసనకర్ర ఆగింది, అడగను, సచ్చినా అడగను, స్టూలు మీద తను, గోడ గడియారంలో మూడవుతోంది, మంచం మీద సుభాష్ నిద్రమత్తులో మూలిగాడు, ముసలామె వాడి వీపు వైపు చూసింది, చాలాసేపు చూసింది, ఓలే దుర్గా, గుంటడు తొంగోలేకపోతన్నాడే, మాట పూర్తి కాకముందే సర్రుమని గుడ్డ అవతలికి పోయింది, ఎంతసేపట్నుంచి దాని కొస పట్టుకు నిలబడిందో ఆవిడ.

ముందు వాసన వచ్చింది, తడి వట్టివేళ్లది, దాని వెనకే ఎవరింటి చేపల పులుసో, ఎవరి పౌడరో, ఆ తర్వాత గాలి, మెత్తగా, మెడ మీద చెయ్యి వేసినట్టు, చేతిలో వేడి కొలిచే మీటరు ముప్పై తొమ్మిదన్నర, ముప్పై తొమ్మిది, ఎనిమిదో ఇంట్లోంచి ఎవరో కేకేశారు, వచ్చిందర్రోయ్, తొమ్మిదిలో గిన్నె కిందపెట్టిన చప్పుడు, పదిలో ఆగయీ ఆగయీ అని పిల్లల గోల, కేకలు గాలి వెంటే ఇల్లిల్లూ దాటుకుంటూ దూరమయ్యాయి, చదువుకునేటప్పుడు ఎన్ని దేశాల భవనాల బొమ్మలు చూసింది తను, ఎంత గాజు, ఎంత ఉక్కు, ఏ బొమ్మలోనూ ఇలాంటి కన్నం లేదు, ముప్పై ఏడు, సుభాష్ దొర్లడం ఆపాడు, ఫోను మోగింది, సర్, రిపోర్టు తప్పు, కొలతలు తప్పు, తప్పు నాది, మీటింగులో నేనే చెబుతాను, పిచ్చా నీకు, మరో ఉద్యోగం వెతుక్కో, అలాగే సర్, వస్తున్నాను, ఫోను పెట్టేసినా స్టూలు దిగబుద్ధి కాలేదు, కన్నం అంచు మీద చెయ్యి వేసింది, అరవై ఏళ్ల గాలికి నున్నగా ఉంది, ఒక పక్కవాడు ఒప్పుకుంటే చాలదు దీనికి, గోడకి అటువైపు వాళ్లూ సరే అనాలి, గుట్టు పోతుందని తెలిసీ అనాలి, పదకొండు గోడలు, గోడకి రెండు ఇళ్లు, ఇరవై రెండు సార్లు ఎవరో ఒకరు సరే అన్నారు, పక్కింటివాడి నిద్ర కోసం.