దానిమ్మను పడుకోబెట్టిన రోజు

ముసయ్యిబ్ దానిమ్మ పొద మొదట్లో మోకాలు ఆనించి, కొమ్మలన్నిటినీ తాడుతో ఒక్క కట్టగా బిగించాడు. ఒక పక్క వేళ్ల దగ్గర పారతో మట్టి వదులుచేసి, పొదను కొంచెం కొంచెంగా నేలకు వంచాడు. చలికి పగిలిన బొటనవేలి చీలికల్లో రక్తం ఊరింది. దాన్ని పాంటుకు తుడుచుకున్నాడు. చలి ఊరు హమదాన్‌లో ఆకు రాలాక దానిమ్మను ఇలా పడుకోబెట్టి, గడ్డీ మట్టీ కప్పకపోతే మంచుకు మాడిపోతుంది. వసంతంలో వేళకు విప్పకపోతే ఆ మట్టి కిందే కుళ్లిపోతుంది.

దీని కొమ్మను పెళ్లయిన ఏడాది అతని భార్య గుల్‌నిసా వెచ్చగా ఉండే సావే ఊరి నుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. "ఈ మంచులో దానిమ్మా!" అని అందరూ నవ్వారు. గుల్‌నిసా పోయినప్పుడు ఇంటి యజమానురాలు తూరాన్ ఖానుమ్, "నువ్వున్నన్నాళ్లూ ఆ చెట్టుకు ఢోకా లేదు" అంది. ఆ మాట మీదే అతడు వేరే తోటలవాళ్లు పిలిచినా వెళ్లక, గేటు పక్క గదిలో ముసలివాడయ్యాడు.

వీధి చివర రొట్టెలు కాల్చే ఖుద్రత్ గోడ మీంచి తొంగిచూశాడు.

"ఏం బాబాయ్, శవానికి చుట్టినట్టు చెట్టుకు కఫన్ చుడుతున్నావా?"

"నీ నోట్లో నీ తందూరు బూడిద పడ! నిద్రపుచ్చుతున్నా."

"పుచ్చు, పుచ్చు. లేపేది మాత్రం బుల్డోజరే. వసంతంలో నౌరోజ్ పండుగ లోపే ఇల్లు పడగొడతారటగా!" ముసలాయన ముఖం చూసి ఖుద్రత్ నవ్వు ఆగిపోయింది. "అయ్యో... వీధంతా తెలుసే. ఖానుమ్ నీకు చెప్పలేదూ?"

మధ్యాహ్నం టీ తూరాన్ ఖానుమే స్వయంగా తెచ్చింది. రోజూ పనిమనిషి తెచ్చేది. పళ్లెంలో చక్కెర గడ్డలు కూడా ఎక్కువే ఉన్నాయి.

"ఖానుమ్, వసంతంలో దీన్ని విప్పేది నేనేగా?"

ఆమె అతని వైపు కాక, వంగిన కొమ్మల వైపు చూసింది. "నువ్వు కాక ఇంకెవరు విప్పుతారు, ముసయ్యిబ్? టీ చల్లారిపోతుంది, తాగు."

అతడు తాగలేదు.

పని మాత్రం సగంలో వదల్లేదు. గడ్డి పరిచి, గోనె కప్పి, మట్టి పోసి, గాలి ఆడేందుకు మధ్యలో రెల్లుకట్ట నిలబెట్టాడు. ఏటా పని అయ్యాక, "పడుకో తల్లీ, నౌరోజ్‌కు లేపుతా" అనేవాడు. ఈసారి నోరు తెరవలేదు.

సాయంత్రం మూట భుజాన వేసుకుని, ఎవరికీ చెప్పకుండా గేటు దాటి వెళ్లిపోయాడు. సొంత తమ్ముడికి కూడా ఏనాడూ అరువివ్వని పార, దానిమ్మ మొదలెక్కడుందో చూపుతూ మట్టిలో నిటారుగా దిగి ఉంది. పగిలిన పిడికి గుల్‌నిసా చుట్టిన ఎర్రగుడ్డ మీద తొలి మంచు పడుతోంది.