ఎర్ర తలుపుకి ఏ గుడ్డ కప్పాలి?

నేను ఒక పాత కారుని. నల్ల అంబాసిడర్‌ని. ఎడమవైపు ముందు తలుపు ఒక్కటే ఎరుపు. చూసినవాళ్లు ఏదో యాక్సిడెంటయి వేరే బండి తలుపు తగిలించారనుకుంటారు. కాదు. ఆ తలుపు కథే నా కథ. నున్నగా చెప్పడం నాకు చేతకాదు. నెత్తిన మైకు పెట్టుకుని బతికినదాన్ని, గట్టిగానే చెబుతాను.

పుట్టింది కలకత్తా దగ్గర. నన్ను చేసిన చేతుల పేర్లు నా ఒంటిమీద ఎక్కడా లేవు. కంపెనీ పేరు మాత్రం మెరిసేటట్టు బిగించారు. ఈ లోకం తీరు నాకు ఆ రోజే సగం అర్థమైంది. అక్కణ్నుంచి రైలెక్కించి విజయనగరం వైపు ఒక గోనెసంచుల మిల్లుకి తెచ్చారు, మేనేజరుగారి కోసం.

మేనేజరు దొర బంగళాకీ మిల్లు గేటుకీ మధ్య ఒక చుట్ట కాల్చేంత నడక. ఆ కాస్త దూరానికి నేను. నాకు ఎండ తగలకుండా షెడ్డు. షెడ్డులో దుమ్ము పడకుండా ఖాకీ తొడుగు, దానికి లోపల మెత్తటి గుడ్డ అతుకు. అది తొడగడానికీ విప్పడానికీ ఒక మనిషి. తొడుగేసి ఉన్నప్పుడు కూడా దర్వాను నాకు సలాం కొట్టేవాడు. లోపల దొర లేడని అతనికి తెలుసు. అయినా కొట్టేవాడు. అలవాటైపోయింది పాపం, చెయ్యి దానంతటదే లేచేది.

వానాకాలం పొద్దున్నే షిఫ్టుకి వచ్చే జనాన్ని ఆ గేటు దగ్గరే చూసేదాన్ని. గోనెసంచి ఒక మూలని ఇంకో మూలలోకి తోసి, ముసుగులా నెత్తిన వేసుకుని పరిగెత్తుకొచ్చేవాళ్లు. దేశానికంతటికీ సంచులు నేసేవాళ్లకి ఆ చిరుగుల సంచే గొడుగు. పైకప్పు కింద ఉన్న ఇనుముకి మాత్రం చొక్కా, దానికో లోచొక్కా. ఇదేం న్యాయం అని అడిగేవాళ్లు లేరు. నాకు అప్పటికి మైకు లేదు.

ఓ రోజు గేటుకి తాళం పడింది. దొర ముందే రైలెక్కేశాడు. నన్ను తీసుకుపోలేదు. నా తొడుగుని మాత్రం ఎవరో పట్టుకుపోయారు. సామాను అమ్మకానికి పెట్టినప్పుడు కార్మిక సంఘం వాళ్లు తలా కాస్త వేసుకుని నన్ను కొన్నారు. మిల్లు తెరిపించే పోరాటానికి ప్రచార బండి కావాలన్నది పైకి చెప్పిన మాట. దొర కూర్చున్న సీట్లో కూర్చోవాలన్న సరదా లోపలి మాట. మొదటి రోజు అందరూ వంతులేసుకుని వెనక సీట్లో కాలుమీద కాలేసుకున్నారు. స్ప్రింగు గుచ్చుకుని దిగిపోయారు.

నాకు ఒళ్లంతా ఎరుపు వేయాలని తీర్మానించారు. తెచ్చిన రంగు ఒక తలుపుకే సరిపోయింది. ఆ రంగేసి, దానిమీద తెల్ల అక్షరాలు రాసినవాడు అప్పలకొండ, మగ్గాల మీద పనిచేసే మనిషి. ఆ పోరాటం రోజుల్లో ఊళ్లో గోడలన్నీ అతని చేతిరాతే. నా తలుపు మీద 'గోనె మిల్లు కార్మిక సంఘం' అని రాసి, కింద ఇంకాస్త పెద్దగా 'గేటు తెరవాలి' అని రాశాడు. 'తెరవండి అని రాయరాదా, మర్యాదగుంతాది' అన్నాడు ఎవరో. అప్పలకొండ వెనక్కి తిరక్కుండానే, 'మనమేటి అడుక్కుంతన్నామేట్రా?' అన్నాడు.

గేటు తెరిచారు, మూశారు, మళ్లీ తెరిచారు. చివరికి గేటునే ఊడబెరికి ఇనప సామానుకి అమ్మేశారు. జనపనార దుమ్ము ఊపిరితిత్తుల్లో నింపుకుని అప్పలకొండ పోయాడు. ఊళ్లో గోడలకి సున్నాలు పడ్డాయి. అతని చేతిరాత మిగిలింది నా తలుపు మీద ఒక్కచోటే. అతని భార్య సన్యాసమ్మకి ఆ సంగతి తెలుసు. మిల్లులో సంచుల మూతులు కుట్టిన మనిషి. ఇప్పటికీ అటుగా వస్తే ముందు తలుపు చూసి, తర్వాతే మనుషుల్ని పలకరిస్తుంది.

ఇప్పుడు నేను సంఘం ఆఫీసు పక్క షెడ్డులో ఉంటాను. ఏడాదికోసారి మేడే ఊరేగింపుకి ముందు నడుస్తాను. మిగతా రోజులు నిద్ర. పైన రేకులు, రేకుల మీద పావురాలు. పావురాలకి సంఘాలన్నా, అంబాసిడర్లన్నా గౌరవం లేదు. అందుకని నాకేదైనా కప్పాలని గొడవ మొదలైంది.

మొదట డ్రైవరు గౌరయ్య ఒక ఫ్లెక్సీ తెచ్చి కప్పాడు. ఎన్నికలప్పుడు కట్టినది. మిల్లు మళ్లీ తెరిపిస్తానన్న నాయకుడి మొహం సరిగ్గా నా బానెట్ మీదికి వచ్చింది, పళ్లన్నీ కనిపించేటట్టు. తెరిపించనివాడి నవ్వు కింద 'గేటు తెరవాలి' అన్న మాట దాక్కుని కూర్చుంది. ఆ అవమానం అలా ఉంచండి. ప్లాస్టిక్కు కింద నాకు గాలాడలేదు. వానాకాలం పోయేసరికి ఒళ్లంతా చెమట. తలుపు అంచున ఎర్ర రంగు పొక్కింది, వేడినీళ్లు పడ్డ చర్మంలా.

సన్యాసమ్మ అది చూసి ఫ్లెక్సీని ఒక్క లాగు లాగి వీధిలో పడేసింది. 'మళ్లీ రాయించేద్దుంలే అప్పా' అన్నాడు గౌరయ్య. 'రాసినోడేడ్రా?' అంది.

మీటింగు పెట్టారు. అవును, కారు తొడుగు కోసం సర్వసభ్య సమావేశం. వీళ్లు టీలో పంచదార సంగతి కూడా చేతులెత్తి తేల్చుకునే రకం. గౌరయ్య ఈసారి షాపులో దొరికే వెండిరంగు తొడుగు కావాలన్నాడు. కార్యదర్శి తవిటయ్య లేచాడు. తవిటయ్య లేస్తే కూర్చోబెట్టడం దొర వల్లే కాలేదు.

'మనం గోనె తిన్నోలం, గోనె కట్టినోలం. మన కారుకి పిలాస్టిక్కేటి? సిగ్గు నేదా? గోనె కుట్టిద్దుం!'

'గోనేస్తే బంగాళాదుంపల బస్తానాగుంతాదిరా తవిటీ' అన్నాడు గౌరయ్య.

'బస్తా వల్లే నువ్వు బతికినావు!'

చప్పట్లు మోగిపోయాయి. చేతులన్నీ లేచాయి. సన్యాసమ్మ చెయ్యి కూడా. గోనె అంటే వీళ్లకి పౌరుషం. పౌరుషం పట్టుకున్నప్పుడు ఎవరూ గుడ్డని వేళ్లతో తడిమి చూడరు. నాకు ఓటు లేదు.

పాత సంచులు విప్పి, దబ్బనాలతో కుట్టి, నాకు తొడిగారు. గాలి బాగానే ఆడింది. ఆ వాసన కూడా నాకు ఇష్టమే, గేటు దగ్గర వాన వాసన. కానీ షెడ్డుకి తలుపుల్లేవు. గాలి వీచినప్పుడల్లా ఆ గరుకు గుడ్డ నా ఒంటిమీద అటూ ఇటూ ఈడ్చుకుంటూ గీరేది. నల్ల రంగు పోతే పోయింది. ఎర్ర తలుపు దగ్గర నాకు ప్రాణం పోయినట్టుండేది. హారను కొట్టి పిలుద్దామంటే బ్యాటరీ లేదు.

మేడే దగ్గరకొచ్చాక సన్యాసమ్మ తొడుగు ఎత్తి చూసింది. గోనె లోపలివైపు చేత్తో రాసి, ఆ చెయ్యి పట్టుకెళ్లి తవిటయ్య మొహం ముందు పెట్టింది.

'ఇదేటో సెప్పు.'

'తుప్పేమో వదినా.'

'తుప్పు ఇంతెర్రగుంతాదేట్రా? మీ అన్న ఏసిన రంగిది. గోనె తినీసింది. నెత్తిన గోనేసుకుని మిల్లుకొచ్చినాము, మెడలు ఒరిసిపోనాయి. మనకి తెల్దేట్రా దీని సంగతి? తెలిసీ చేతులెత్తినాము, నాతో సహా!'

'అయితే గోనె ఒగ్గీమంతావా?' తవిటయ్య ఉక్రోషంగా అడిగాడు. తన గోనెని కాదన్నారని.

'ఒగ్గడమెందుకు? లోపల మెత్తగేస్తే సరి.'

ఇంటికెళ్లి అప్పలకొండ పాత పంచెలు తెచ్చింది. ఉతికి ఉతికి గాలిలా అయిపోయిన పంచెలు. సంచులు కుట్టిన ఆడవాళ్లంతా షెడ్డులో చేరారు. వెక్కిరింపులూ పాటలూ వక్కపొడీ. తవిటయ్యకి దబ్బనం ఇచ్చి కూర్చోబెట్టారు. అతను కుట్టిన వంకర కుట్లు చూసి నవ్వి, విప్పి, మళ్లీ కుట్టారు. పైన గోనె, లోపల పంచె. వారానికోసారి విప్పి గాలి తగిలించాలని కూడా తీర్మానించారు. దొర తొడుగుకి కూడా లోపల మెత్తటి గుడ్డ ఉండేదని ఎవరికీ గుర్తు లేదు. నాకు గుర్తుంది. దాన్ని కుట్టినవాళ్లెవరో నాకు తెలియదు. దీన్ని కుట్టిన ప్రతి చెయ్యీ తెలుసు.

తలుపు మీద 'తెరవాలి'లో ఒక అక్షరం సగం అరిగిపోయింది. చదవడానికి వస్తుంది. దాన్ని అలాగే ఉంచమంది సన్యాసమ్మ.

మేడే నాడు గౌరయ్య బ్యాటరీ పెట్టి నన్ను స్టార్టు చేశాడు. మూడు దగ్గులు దగ్గి లేచాను. మైకు కట్టారు. పాత గేటు ఉన్నచోటికి చేరేసరికి ఈదురుగాలి, వెనకే పెద్ద వాన. ముసలి ప్రాణాలన్నీ నడిరోడ్డు మీద తడుస్తున్నాయి. తవిటయ్య డిక్కీలోంచి తొడుగు లాగి, 'కారుకి కప్పండ్రా! అచ్చరాలు తడిసిపోతన్నాయి!' అని అరిచాడు.

'కారుకెందుకురా? మనుసులకి కప్పు!' సన్యాసమ్మ అంతకంటే గట్టిగా అరిచింది. 'గోడలమీద రాసినప్పుడు మీ అన్న గొడుగు పట్టీనాడేటి? వానకి పోయే రాత కాదది!'

తలా ఒక అంచు పట్టుకుని గోనెని నెత్తిమీదికెత్తారు. నా అంత పొడుగు గుడ్డ కింద సంఘమంతా పట్టింది. పంచె వాళ్ల నెత్తిన మెత్తగా తగిలే ఉంటుంది. గౌరయ్య వాళ్ల నడకకి సరిపడా నన్ను నడిపాడు. వెనక నినాదాలు, మధ్యలో 'నా కాలు తొక్కకురా' అన్న కేకలు, నవ్వులు. నేను తడిశాను. అద్దాల మీంచి, బానెట్ మీంచి నీళ్లు కారుతుంటే, ఒకప్పుడు ఇదే గేటు ముందు పొడిగా నిలబడ్డ రోజులన్నీ కడుక్కుపోయినట్టనిపించింది.

మరునాడు తొడుగుని తీగమీద ఆరేశారు. అది ఆరేదాకా నన్ను షెడ్డు బయట, ఎర్ర తలుపు రోడ్డువైపుకి వచ్చేటట్టు నిలబెట్టారు. గేటు ఎప్పుడో లేదు. తెరవాలన్న మాట ఉంది. దారిన పోయేవాళ్లు చదువుకుంటూ పోతున్నారు.