డిస్పాచ్ వాళ్లు కట్టిన గోల్ఫ్ బ్యాగు

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఓ పంపుల కంపెనీ. అందులో సరుకు కట్టి పంపే డిస్పాచ్ సెక్షన్‌లో ఎవాంజెలిన్ ఉద్యోగం పర్మనెంటు కాకుండా ఒక గోల్ఫ్ బ్యాగు అడ్డుపడింది.

జనరల్ మేనేజర్ రాకేష్ సార్ ఈమధ్యే గోల్ఫ్ మొదలుపెట్టాడు. ఆట సంగతి ఎలా ఉన్నా, బ్యాగును పెట్టుకుని తోసే మూడు చక్రాల బండి ఆయన పరువు తీస్తోంది. చక్రం గుంతలో పడితే చాలు, బ్యాగు అలిగిన అల్లుడిలా మొహం అటు తిప్పేసుకుంటుంది. తర్వాత మెల్లగా ఒరిగి, బంతిని కొట్టే కర్రలన్నీ గడ్డిలో కుమ్మరిస్తుంది. కిందటి ఆదివారం కాంట్రాక్టర్ నవీన్‌కుమార్ కాళ్ల మీదే కుమ్మరించింది. కొత్త పంపుల ఆర్డరు ఇవ్వాల్సిన మనిషి ఆయన.

సోమవారం పొద్దున్నే సార్ ఆ బండిని డిస్పాచ్ సెక్షన్‌కు తోసుకొచ్చాడు.

"లారీలల్ల టన్నులకు టన్నులు పంపుతరు, గీ బ్యాగును కదలకుండ చెయ్యలేరా? ఎవాంజెలిన్, ఆదివారం నువ్వు గూడ గ్రౌండుకు రా. బ్యాగు పడలేదనుకో, నీ కన్ఫర్మేషన్ లెటర్ మీద అక్కడ్నే సంతకం పెడ్త."

తమ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఎవాంజెలిన్. బిడ్డ ఉద్యోగం పర్మనెంటు అయిపోయిందని తల్లి సువార్తమ్మ తొందరపడి చర్చిలో సాక్ష్యం కూడా చెప్పేసింది. సంఘమంతా చప్పట్లు కొట్టింది. ఇప్పుడా మాట అబద్ధం కాకూడదు.

ప్యాకింగ్‌లో తల పండిన పెద్దరాములు బ్యాగు చుట్టూ ఓ ప్రదక్షిణ చేశాడు.

"ఏందిది బిడ్డా, దీనికి కాళ్లు గూడ ఉన్నయా?"

"నేల మీద పెడ్తే నిలబడేటందుకు, కాకా."

"గందుకే ఇది బండి మీద కుదురుగ కూసుంటలేదు. ముందుగాల కాళ్లు కట్టాలె."

కాళ్లు కట్టారు. ఒకవైపు జేబులోనే బంతులు, నీళ్ల సీసా, అరకిలో ఖర్జూరం ఉంటే, ఎవాంజెలిన్ సగం రెండోవైపుకు మార్చింది. అడుగున సందులో థర్మకోల్ దూర్చారు. బండికున్న బెల్టులు బిగించి గేటు ముందున్న స్పీడ్‌బ్రేకర్ ఎక్కించారు. ఏ సరుకైనా ఆ పరీక్ష నెగ్గాకే బయటికి పోవాలి. బ్యాగు వేలెడంత కదిలింది.

"ఇజ్జత్ పోయింది," అన్నాడు పెద్దరాములు.

ఇక ప్లాస్టిక్ పట్టీలు వేసి క్లిప్పులు నొక్కాడు. పెట్టెలకు చుట్టే సాగే ఫిల్మును నెత్తి నుంచి చక్రాల దాకా చుట్టాడు. 'ఈ వైపు పైకి' అని స్టిక్కర్ అంటించాడు. లోడింగ్ యాదన్న వచ్చి బ్యాగును పట్టుకుని ఊపాడు. బ్యాగు కదల్లేదు, యాదన్న నడుము పట్టేసింది.

ఆదివారం గ్రౌండులో నవీన్‌కుమార్ తన కర్ర తీసి బంతిని కొట్టాడు. రాకేష్ సార్ ధీమాగా బ్యాగు మీద చెయ్యి వేశాడు. చెయ్యి జారింది. ఇంకోవైపు నుంచి వేశాడు. అటూ జారింది.

"కర్రలేవి?"

"లోపల భద్రంగ ఉన్నయి సార్."

"ఎట్ల తియ్యాలె?"

ఎవాంజెలిన్ ఫిల్ము కొస కోసం గోళ్లతో వెతికింది, దొరకలేదు. డిస్పాచ్‌లో మూసి పంపడమే ఉంటుంది. తెరిచే పని కొన్నవాళ్లది. వారమంతా ఆ బ్యాగు చుట్టూ తిరిగిన ఒక్కరికీ అది ఆడే సామాను అన్న సంగతే తట్టలేదు.

సార్ కారు తాళంచెవితో పొడిచాడు, పళ్లతో పీకాడు. చివరికి ఒక్క కర్ర బయటికొచ్చింది. గుంత దగ్గర బంతిని మెల్లగా నెట్టే పొట్టి కర్ర. ఊడ్చినట్టు దాంతోనే ఆడుకుంటూ పోయాడు. మండిపడుతూ బండిని వాలు మీద వదిలేశాడు, బ్రేకు వేయలేదు.

బండి కదిలింది. వేగం అందుకుంది. ఎవాంజెలిన్ చున్నీ నడుముకు చుట్టుకుని వెంటపడింది. ఇసుక గుంత అంచున బండి పల్టీ కొట్టి, చక్రాలు ఆకాశానికెత్తి పడింది.

"పడ్డది!" సార్ కేక. "నీ లెటర్ గూడ పడ్డది!"

"బండి పడ్డది సార్," అంది ఆమె రొప్పుతూ. "బ్యాగు బండి మీదనే ఉన్నది. సూడుండ్రి."

నవీన్‌కుమార్ గుంతలోకి దిగి బ్యాగును గుంజాడు, తన్నాడు. వేలెడంతైనా కదల్లేదు.

"పోయినసారి నీ పంపులు సగం పగిలొచ్చినయి రాకేషూ. ఈసారి గీమెతోని కట్టిస్తనంటేనే ఆర్డర్ మాట్లాడు."

సార్ బ్యాగును చూశాడు, నవీన్‌కుమార్‌ను చూశాడు. "లెటర్ తెచ్చినవా?" అని గొణిగాడు.

ఎవాంజెలిన్ తెచ్చింది. కింద పెట్టుకుని రాయడానికి అక్కడ ఇంకేమీ లేక, ఆయన ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని కాగితాన్ని ఆ బ్యాగు మీదే పరిచాడు. ఒత్తి మరీ సంతకం పెట్టాడు. అక్షరం వంకర పోలేదు.