ఎదురు చుట్టిన పోస్టరు

భర్త పోయి నెల తిరక్కముందే మరిది వాటాకొచ్చి కూర్చున్నాడు. ఇల్లూ వాకిలీ కాదు, అన్న ఏళ్ల తరబడి చుట్టి దాచిన పాత సినిమా పోస్టర్లలో సగం కావాలట. ఆమె ఒక్కో చుట్టనూ మెల్లగా విప్పి, పైనా కిందా తెల్లకాగితం పరిచి, చెక్కపలకల బరువు పెడుతోంది.

"ఎన్నాళ్లు వదినా ఈ నాన్చుడు? ఎదురు తిప్పి చుడితే క్షణంలో సాపవుతుంది."

"పాత కాగితం నాయనా, విరుగుతుంది. వారం ఆగు, సగం నువ్వే ఏరుకో."

"ఆలోపు మంచివన్నీ నొక్కేద్దామనా? నా చెవిలో పూలు పెట్టకు!"

అన్నిటికంటే పెద్ద చుట్టను లాక్కుని ఎదురు తిప్పి బిగించాడు. కాగితం పెళపెళమని అడ్డంగా చిట్లింది. రంగు పెచ్చులుగా రాలింది.

ఆమె చీపురు తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"అది నీ వాటాలోది. ఊడ్చుకుని పట్టుకెళ్లు."