బొట్టు పెట్టిన సీడీ

కొత్తగా ఎక్కించబోతే, పాతది ఇంకా ఉంది, ముందు దాన్ని తీసేయండి అంటుంది. తీసేయబోతే, సీడీ పెట్టండి అంటుంది. సీడీ పెడితే గరగరమని తిప్పి, నావల్ల కాదన్నట్టు బయటికి తోసేస్తుంది. పొద్దుటి నుంచి మా ఆయనా నేనూ కంప్యూటరు ముందు ఈ మూడు మాటల మధ్యే గానుగెద్దుల్లా తిరుగుతున్నాం.

పోనీ బయటికి పోయి తెలిసినవాళ్ళెవరినైనా అడుగుదామా అంటే ఆ రోజు బందు. కర్నూలు పాతబస్తీలో మాది పెళ్ళికార్డుల అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు. వీధిలో జెండాలవాళ్ళు తిరుగుతున్నారని షట్టరు నేల దాకా దించేశాం. లోపల ఒక ట్యూబులైటు, ఎంత తిప్పినా జోరందుకోని ఫ్యాను, గోడల పొడవునా కార్డుల కట్టలు. జూన్ వచ్చినా వాన జాడ లేదు. రేకు షట్టరు పెనంలా కాలుతోంది. కుర్చీలో మా ఆయన జ్ఞానేశ్వర్, పక్కన స్టూలు మీద నేను. మౌస్ కోసం ఇద్దరి చేతులూ ఒకేసారి పోతే ఆయన తన చెయ్యి తీసేవాడు కాదు. నేనూ తీసేదాన్ని కాదు. మా పెళ్ళయి అప్పటికి మూడు నెలలు.

అంత ఇరుకులో మూడో మనిషి కూడా ఉన్నాడు. కోడుమూరు నుంచి వచ్చిన ఓబులేసు. కూతురి పెళ్ళికార్డుల కోసం తెల్లారక ముందే టీవీఎస్ బండి మీద వచ్చి, బందు మొదలయ్యేసరికి మాతో పాటు లోపల చిక్కుకుపోయాడు. కార్డుల కట్ట మీద కూర్చొని తువాలుతో విసురుకుంటూ కంప్యూటరు వైపు చూస్తున్నాడు.

"ఏమప్పా జ్ఞానప్పా, అడిగిందే అడుగుతాండాది గదా ఆ పెట్టె. చెవుడేమో దానికి."

"చెవుడు కాదులే అన్నా, మొండి" అన్నాడు మా ఆయన.

"మా ఇంట్లో ఒక ఎద్దు ఇట్లనే ఉన్నింది. సంతకు తోలేస్తిమి."

"దీన్ని తోలేదానికి ఈ పొద్దు సంత గూడా లేదు."

ముందురోజు సాయంత్రం ఆయన ఓబులేసు కూతురు శ్రావణి కార్డు కూరుస్తుండగా కరెంటు పోయి, యూపీఎస్ అందుకునే లోపలే కంప్యూటరు ఆగిపోయింది. తిరిగి వచ్చాక చూస్తే, తెలుగు అక్షరాలు రాసే సాఫ్ట్‌వేరు తెరుచుకుంది కానీ ఒత్తులున్న చోటల్లా ఖాళీ డబ్బాలు. పెళ్ళికూతురి పేరులో ఒక డబ్బా, ముహూర్తంలో ఒక డబ్బా, బంధుమిత్రుల్లో ఒక డబ్బా. సాఫ్ట్‌వేరు చెడిపోయింది, తీసేసి మళ్ళీ ఎక్కిస్తే సరిపోతుందనుకున్నాం.

ఓబులేసు తొందర ఓబులేసుకుంది. పెళ్ళి శ్రావణంలో. కానీ ఎల్లుండి పోయి అవతలి రోజు అమావాస్య, ఆపైన ఆషాఢం. ఆషాఢం పడ్డాక కార్డుకు పసుపు పెట్టరు. ఆలోపల ఒక్క కార్డయినా వాళ్ళ దేవుడి ముందు పడాలి.

మా తొందర మాకుంది. ఆషాఢంలో కొత్త కోడలు అత్త ఉన్న గడపలో ఉండకూడదు. నెలంతా నేను కడపలో మా పుట్టింట్లో ఉండాలి, ఆయన అటువైపు తొంగి చూడకూడదు. ఆ నెల మొదలయ్యే లోపల మాకంటూ ఒక్క రోజు కావాలని ఆయన వాళ్ళమ్మను ఎట్లాగో ఒప్పించాడు. రేపు తెల్లవారి బస్సుకు ఇద్దరం ఒంటిమిట్ట పోవాలి. కోదండరాముణ్ణి చూసుకొని, ఆ రాత్రికి సత్రంలో ఉండి, మర్నాడు నన్ను కడపలో దింపి ఆయన వెనక్కి రావాలి. ఒక గదిలో దగ్గితే ఇంకో గదిలోంచి నీళ్ళు కావాలా అని అడిగే ఇల్లు మాది. మేమిద్దరమే బస్సులో పక్కపక్కన కూర్చోవడం అదే మొదటిసారి అయ్యేది. కిటికీ సీటు నాకేనని ముందే మాట తీసుకున్నాను.

అత్త షరతు ఒక్కటే. ఓబులేసు పని ముగిస్తేనే. "లేదంటే వాసవిని వాళ్ళ నాయన వచ్చి పిల్చుకపోతాడు. నువ్వు అంగడి చూసుకో" అని చెప్పేసింది. మామయ్య కార్డు కాగితం కోసం హైదరాబాదు పోయి బందులో అక్కడే ఆగిపోయాడు కనుక, అంగడి చూసుకునేవాళ్ళు ఇంకెవరూ లేరు కూడా.

"నిన్న ఫోల్డరు మొత్తం తీసేసినా గదా" అన్నాడు జ్ఞానేశ్వర్, జుట్టులోకి వేళ్ళు పోనిచ్చి. "అయినా ఇంకా ఉందంటుందేంది?"

"మీరు ఇల్లు కూలగొట్టినారు. ఓటరు లిస్టులో పేరు అట్లనే ఉంది" అన్నాను. నేను బీఎస్సీ కంప్యూటర్స్. ఆయన బీకాం. ఆ మాట ఆయనకు గుర్తు చేసే అవకాశం నాకు రోజూ రాదు.

"అయితే లిస్టులో పేరు తీసేయి, మేడమ్."

"తీసేదానికే సీడీ అడుగుతుంది. సీడీ చూసి, ఏ సామాను యాడ పెట్టిందో గుర్తు చేసుకొని, ఒక్కొక్కటే బయటికి తెస్తుంది."

సాఫ్ట్‌వేరు అమ్మిన హైదరాబాదు ఆయనకు ఫోన్ చేశాం. సీడీ లేకుండా ఏమీ కాదు, కొత్త సీడీ పంపమంటే పంపుతాను, బందయ్యాక కొరియరు తెరిస్తే నాలుగు రోజుల్లో అందుతుంది అన్నాడు. ఫోన్ పెట్టేశాక జ్ఞానేశ్వర్ నా వైపు చూడలేదు. నేనూ గోడ మీది క్యాలెండరు వైపు చూడలేదు.

సీడీ మళ్ళీ బయటికి వచ్చింది. ఈసారి నేనే తీసి, లైటు కిందికి పోయి తిప్పి చూశాను.

అద్దంలా మెరిసే వైపు, నడిమి రంధ్రం చుట్టూ గంధం పూసి ఉంది. దాని చుట్టూ పువ్వు రేకుల్లా కుంకుమ బొట్లు. ఎంతో ఓపికగా, ఒకదానికీ ఇంకోదానికీ సమానమైన ఎడంతో పెట్టిన బొట్లు.

"ఇది యాడ నుంచి తెచ్చినారు?"

"దేవుని గూట్లో నుంచి. అమ్మ ఆడనే పెడుతుంది." ఆయన ఒంగి చూసి నాలుక కరుచుకున్నాడు. "ఆయుధపూజకు పెట్టినట్టుంది."

నాకు నవ్వు ఆగలేదు. సాఫ్ట్‌వేరు అమ్మినాయన, ఇది పోతే అంతా పోయినట్టే, దేవుడి మాదిరి చూసుకోండి అని అప్పగించాడట. అత్త అక్షరాలా అట్లాగే చూసుకుంది. పేరు రాసి ఉన్న వైపు కుంకుమ అంటదు, నున్నగా మెరిసే వైపైతే చక్కగా కనబడుతుందని అటే పెట్టింది. లోపల చదివే యంత్రానికి ఆ బొట్లే అడ్డం.

ఇంక పని అయిపోయినట్టేనని కొంగు చివర తడి చేసి తుడవబోయాను. అప్పుడే మజ్జిగ గ్లాసులతో అత్త లోపలి గుమ్మంలోకి వచ్చింది.

"కింద పెట్టు" అంది. గొంతు పెంచలేదు.

"కుంకుమ అడ్డమొస్తాండాది అత్తా. చదవలేకపోతాండాది."

"చదవకపోతే మానె. పూజలో పెట్టిన కుంకుమ తుడుస్తావా? కొత్త పెండ్లికూతురివి, నీ చేత్తో, నీ కొంగుతో?"

"నేను తుడుస్తాలేమ్మా" అని జ్ఞానేశ్వర్ చెయ్యి చాపాడు.

"తుడుచు నాయనా. నీ పెండ్లాం కుంకుమ నువ్వే తుడుచుకో."

ఆయన చెయ్యి వెనక్కి వచ్చేసింది.

"ఇట్లియ్యండి తల్లీ, నాకేముండాది" అన్నాడు ఓబులేసు లేచి.

"ఇంట్లో కూతురి పెండ్లి పెట్టుకోని?"

ఓబులేసు మళ్ళీ కట్ట మీద కూర్చున్నాడు. "వద్దులే జ్ఞానప్పా. బొట్టుతో మనకెందుకు."

"అయితే నువ్వే తుడువమ్మా" అన్నాడు మా ఆయన.

"మీ నాయన ఊర్లో లేనప్పుడా?" అంది అత్త.

ఇట్లాంటివి నేను నమ్మనని కాలేజీలో గొప్పగా చెప్పేదాన్ని. అది ఎర్రటి పొడి, అంతే. ఆ పొడి పోతే రేపు బస్సు ఎక్కుతాను, పోకపోతే నెల తర్వాత గానీ ఈయన మొహం చూడను. ఇంత తేలిక లెక్క. కానీ అత్త మాట విన్నాక ఆయన మెడ మీద చెమట చూస్తూ నిలబడ్డాను, నా చెయ్యి కూడా కదల్లేదు. షట్టరుకు తాళం లోపలి నుంచే వేసుకున్నాం. ఈ తాళం ఎవరు వేశారో, ఏ వైపు నుంచి వేశారో తెలియలేదు.

అంతలో కరెంటు పోయింది. యూపీఎస్ కుయ్‌కుయ్‌మంటుంటే కంప్యూటరు ఆపేశాం. చీకటి. షట్టరు కింది సందులోంచి చారెడు వెలుగు, దూరంగా నినాదాలు. అత్త గ్లాసులు చేతికిచ్చి అక్కడే గడప మీద కూర్చుంది. చీకట్లో ఆయన చిటికెన వేలు నా చిటికెన వేలిని వెతుక్కుంది. అత్త రెండు బారల దూరంలో ఉంది. నాకు భయం, సంతోషం రెండూ ఒకేసారి వేశాయి. మజ్జిగలో అల్లం ఎక్కువైంది, అయినా ఎంతో బాగుంది.

ఆ వేలు పట్టుకొని ఆలోచిస్తున్నాను. నిన్న ఈయన ఫోల్డరు పెరికేశాడు, సాఫ్ట్‌వేరు పోలేదు. లోపలికి తెచ్చినదాన్ని బయటికి పంపడానికి దాని పద్ధతి దానికుంటుంది. మా అమ్మ వరలక్ష్మీ వ్రతం చేసిన మర్నాడు కలశం మీది కొబ్బరికాయ నేను ఉత్తినే తీయబోతే చేతి మీద ఒకటి వేసేది. ముందు అక్షతలు వేసి, కలశాన్ని కాస్త ఉత్తరంగా జరిపి, వెళ్ళి రమ్మని దేవతకు చెప్పేది. ఆ తర్వాత అది మామూలు చెంబే, చింతపండు వేసి తోమేది.

"అత్తా, దసరా పూజైనాక దీనికి ఉద్వాసన చెప్పినారా?"

చీకట్లో అత్త గాజులు కదిలాయి.

"తక్కెడకు చెప్తిమి. కత్తెరకు చెప్తిమి. కాగితం కోసే మిషనుకు చెప్తిమి."

"దీనికి?"

"కంప్యూటరుకు చెప్తిమి. ఇది దాంట్లో సామానే గదా అని..." అత్త ఆగిపోయింది. మళ్ళీ అన్నప్పుడు గొంతు మారింది. "అయితే దసరా నుంచి అమ్మవారు దీంట్లోనే కూర్చోనుందా? దీపం గూడా లేకుండా?"

"శానా రోజులాయె" అన్నాడు ఓబులేసు. "పని చెయ్యమంటే యాడ చేస్తాది పాపం."

జ్ఞానేశ్వర్ దగ్గు వచ్చినట్టు నటించాడు. నేను ఆయన వేలు గట్టిగా నొక్కాను.

అత్త లేచి కాళ్ళు చేతులు కడుక్కొని వచ్చింది. ఇత్తడి పళ్ళెంలో తమలపాకు, ఆకు మీద సీడీ, బొట్లు పైకి. దీపం పెట్టి, బెల్లం ముక్క చూపించి, తప్పు మన్నించమని మనస్ఫూర్తిగా అడిగింది. అక్షతలు వేసి పళ్ళేన్ని ఉత్తరాన ఉన్న తుంగభద్ర వైపు రవ్వంత జరిపింది. పనిలోకి దిగితే మా అత్త రాజ్యలక్ష్మమ్మ చాలా అందంగా ఉంటుంది. ఆ రోజే గమనించాను.

"ఇప్పుడు తుడవచ్చునా?"

"తుడిచేది ఎందుకు? నీళ్ళలో పెడితే అదే పోతాది" అంది, నాకు ఇంతకూడా తెలియదా అన్నట్టు.

గిన్నెలో నీళ్ళు పోసి సీడీని వదిలింది. ఒక్కో బొట్టు నుంచీ ఎర్రటి దారం లేచి నీళ్ళలో కలిసిపోయింది. నలుగురం ఒంగి చూస్తున్నాం. గంధం కొంచెం మొండికేసింది, అదీ నానింది. ఆ నీళ్ళు తులసి మొదట్లో పోసి వచ్చి సీడీ నా చేతికిచ్చింది. పాత పంచె ముక్కతో, గుండ్రంగా రుద్దకుండా, నడిమి నుంచి అంచు దాకా మెల్లగా ఒత్తాను.

కరెంటు వచ్చేదాకా సీడీని ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. వచ్చింది. పెట్టాం. గరగర. మళ్ళీ గరగర. తర్వాత మెత్తని సన్నటి చప్పుడు, నిద్రపోయే పిల్లి చేసేలాంటిది.

"చదువుతాండాది" అన్నాడు ఆయన, గట్టిగా అంటే బెదిరిపోతుందేమోనన్నట్టు.

తీసేయమంటే తీయడం మొదలుపెట్టి సగంలో ఆగింది. లోపల ఏదో ముక్క ఇంకా వాడకంలో ఉందట. కంప్యూటరు ఆన్ కాగానే అదీ తనంతట తాను లేచి కూర్చుంటుంది. దాన్ని లేవనీయకుండా, ఆపి మళ్ళీ ఆన్ చేసి, ఎఫ్8 నొక్కి సేఫ్ మోడ్‌లోకి తీసుకుపోయాను. స్క్రీన్ నల్లగా, బొమ్మలు పెద్దపెద్దగా వచ్చాయి.

"ఏందే, ఇట్ల బోసిపోయింది?" అంది అత్త.

"నగలన్నీ తీసేసి పడుకోబెట్టినాను అత్తా. ఇప్పుడైతే మనమేం చేసినా అడ్డం రాదు."

ఆకుపచ్చ గీత మెల్లగా సాగింది. ఓబులేసు కూడా కుర్చీ వెనక్కి వచ్చి నిలబడ్డాడు. గీత చివరికంటా పోయింది. లిస్టులో పేరు లేదు. మళ్ళీ మామూలుగా ఆన్ చేసి, కొత్తగా ఎక్కించి, నేనే టైపు చేశాను. శ్రావణి. డబ్బా లేదు. రావత్తు తోకతో సహా వచ్చి కూర్చుంది.

సాయంత్రం వీధి సద్దుమణిగేసరికి కార్డు అచ్చు పడింది. అత్త నాలుగు మూలలా పసుపు పెట్టి ఇచ్చింది. ఓబులేసు దాన్ని కూడబలుక్కుంటూ మొదటి నుంచి చివరి దాకా పైకి చదివి, తువాల్లో చుట్టి, చొక్కా లోపల పెట్టుకున్నాడు. మిగతావి మామయ్య కాగితం తెచ్చాకే. "దేవుని ముందర పెట్టేదానికి ఒకటుంటే చాలు. పోయొస్తా తల్లీ" అని సందుల్లోంచి బండి తోలుకుంటూ పోయాడు.

నేను లోపలికి పరుగెత్తి సంచి సర్దడం మొదలుపెట్టాను. మూడు జాకెట్లు పెట్టానో లేదో, అత్త టీవీ ముందు నుంచి పిలిచింది.

"రేపు గూడా బందంట. ఒక్క బస్సు గూడా తిరగదంట."

నేను సంచి పక్కన అట్లాగే కూర్చుండిపోయాను. పని అయింది. సీడీ వదిలింది, సాఫ్ట్‌వేరు వదిలింది, అత్త కూడా వదిలింది. ఊరు వదల్లేదు. ఎల్లుండి తిన్నగా కడప. అక్కడి నుంచి ఆషాఢం.

జ్ఞానేశ్వర్ గుమ్మంలో నిలబడి టీవీ వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"అమ్మా" అన్నాడు. "రేపు అంగడి ఎట్లాగూ తెరవలేం. ఆ కంప్యూటరు మళ్ళీ మొరాయిస్తాదేమో, షట్టరు దించుకోని రోజంతా నడిపి చూస్తే మంచిదేమో."

"ఒక్కనివే చూస్తావా?"

"నాకేం తెలుసు? బీకామోణ్ణి. వాసవి ఉండాల."

అత్త టీవీ మీది నుంచి కళ్ళు తిప్పలేదు. రిమోట్‌తో గొంతు తగ్గించింది.

"చూడండి. బాగా చూడండి" అంది. "నేను అన్నం వేళకు తలుపు కొట్టి పిలుస్తా."